అమెరికా రుణభారం, వ్యయ కోతలు: ప్రజాప్రతినిధులపై సొంత పార్టీ శ్రేణుల అసంతృప్తి

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ప్రభుత్వ రుణం, వ్యయ కోతల విషయమై 1990 నుంచి సాగుతున్న పోరు పైకి రెండు పార్టీల మధ్య పోరుగానే కనిపిస్తుంది గాని, దాని వేడి నిజానికి పార్టీల లోపలే ఎక్కువ. ఖర్చు తగ్గిస్తామని, అప్పుకు అడ్డుకట్ట వేస్తామని చెప్పి గెలిచినవారు వాషింగ్టన్ చేరాక రాజీపడ్డారని రిపబ్లికన్ ఓటర్లూ, పేదల పథకాలను కాపాడతామన్నవారే కోతలకు తలొగ్గారని డెమొక్రాటిక్ పార్టీలోని వామపక్ష అభిమానులూ తమ తమ ప్రతినిధులపైనే ఆగ్రహించడం ఈ పోరులో పదేపదే జరిగింది. ఈ ఆగ్రహం ఒక అధ్యక్షుడి ఓటమికి దారి వేసింది, ఇద్దరు స్పీకర్లను పదవి నుంచి దించింది, ఎన్నో ఏళ్లు సభలో ఉన్నవారిని సొంత పార్టీ ఎన్నికల్లోనే ఇంటికి పంపింది; అప్పును మాత్రం తగ్గించలేకపోయింది. దీనికి కారణం సభ్యుల పిరికితనమేనని శ్రేణులు నమ్ముతాయి. ఆ దేశపు ఆయవ్యయాల నిర్మాణాన్ని పరిశీలిస్తే కారణం అంతకంటే లోతున ఉందని తేలుతుంది.

రుణ పరిమితి

ప్రభుత్వం ఒక ఆర్థిక సంవత్సరంలో తన ఆదాయానికి మించి చేసిన ఖర్చును లోటు అంటారు; ఏటేటా ఆ లోటును పూడ్చడానికి చేసిన అప్పు పేరుకుని ప్రభుత్వ రుణం అవుతుంది. అమెరికా రాజ్యాంగం అప్పు తెచ్చే అధికారాన్ని కాంగ్రెస్‌కు, అంటే ప్రతినిధుల సభ, సెనేట్ కలిసిన చట్టసభకు ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధపు ఖర్చుల కోసం 1917లో చేసిన రెండవ లిబర్టీ బాండు చట్టం, ప్రతి బాండుకూ విడిగా అనుమతి కోరే శ్రమ లేకుండా, ఒక హద్దుకు లోబడి అప్పు చేసే వెసులుబాటును ఖజానా శాఖకు కల్పించింది. 1939లో వేర్వేరు రకాల అప్పులన్నిటికీ కలిపి 4,500 కోట్ల డాలర్ల ఉమ్మడి పరిమితి ఏర్పడింది. పాలనా సౌలభ్యం కోసం పుట్టిన ఈ నిబంధనే తరువాతి కాలంలో బేరసారాలకు ఆయుధమైంది.

ఈ పరిమితి గురించి సాధారణ ఓటరుకు కలిగే అపోహ ఒకటుంది. పరిమితిని పెంచడమంటే కొత్త ఖర్చుకు అనుమతించడమని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఏ పథకానికి ఎంత ఖర్చు చేయాలో, ఏ పన్ను ఎంత ఉండాలో కాంగ్రెస్ వేరే చట్టాల ద్వారా అంతకుముందే నిర్ణయించి ఉంటుంది. ఆ నిర్ణయాల వల్ల ఏర్పడిన బాకీలు చెల్లించడానికి అప్పు తేవచ్చునా అన్నదే పరిమితిపై జరిగే ఓటు. పరిమితి నిండినప్పుడు ఖజానా శాఖ ప్రభుత్వోద్యోగుల విశ్రాంతి నిధుల్లో పెట్టవలసిన పెట్టుబడులను తాత్కాలికంగా ఆపడం వంటి అసాధారణ చర్యలతో కొన్ని నెలలు నెట్టుకొస్తుంది. ఆ దారులూ మూసుకుపోయి ప్రభుత్వం బాకీలు చెల్లించలేని స్థితికి చేరే రోజును అక్కడి పత్రికలు ఎక్స్ డేట్ అని పిలుస్తాయి. 1960 నుంచి కాంగ్రెస్ ఈ పరిమితిని పెంచడమో, పొడిగించడమో, నిర్వచనం మార్చడమో 78 సార్లు చేసిందని ఖజానా శాఖ లెక్క చెబుతుంది. అందులో 49 సార్లు రిపబ్లికన్ అధ్యక్షుల కాలంలో, 29 సార్లు డెమొక్రాటిక్ అధ్యక్షుల కాలంలో జరిగాయి. అధికారంలో ఉన్న పార్టీ పెంచుతుంది, ప్రతిపక్షం నిందిస్తుంది. 2006లో సెనేటరుగా పెంపుదలకు వ్యతిరేకంగా ఓటు వేసిన బరాక్ ఒబామా, అధ్యక్షుడయ్యాక ఆ ఓటు పొరపాటని ఒప్పుకోవలసి వచ్చింది.

భారత రాజ్యాంగపు 292వ అధికరణం కేంద్ర రుణాలపై చట్టం ద్వారా హద్దు విధించే అవకాశాన్ని పార్లమెంటుకు ఇస్తున్నా, ఇక్కడ అటువంటి గండం ఏర్పడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు పరిచయమైన రుణ పరిమితి వివాదాలు 293వ అధికరణం కింద కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య నడిచేవి. వాటి స్వభావం వేరు.

ఎక్కడ కోయాలి

ఖర్చు తగ్గించమని అడిగేవారికీ తగ్గించవలసిన వారికీ మధ్య ఉన్న అగాధం అంకెల్లోనే ఉంది. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా కేంద్ర ప్రభుత్వం సుమారు 6.8 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు చేసింది. ఆదాయం సుమారు 4.9 లక్షల కోట్లు. ఖర్చులో అతిపెద్ద భాగం వృద్ధులకు, వికలాంగులకు నెలనెలా అందే సోషల్ సెక్యూరిటీ పింఛన్లు. దాని తరువాతి స్థానాల్లో వృద్ధుల వైద్య బీమా అయిన మెడికేర్, పేదల వైద్య సహాయమైన మెడికెయిడ్, అప్పుపై వడ్డీ, రక్షణ వ్యయం ఉంటాయి. ఆ ఏడాది నికర వడ్డీ రక్షణ వ్యయాన్ని మించిపోయింది. పింఛన్లు, వైద్య బీమా వంటివి అర్హత ఉన్న ప్రతివారికీ చట్టప్రకారం తప్పనిసరిగా చెల్లించవలసినవి. వాటికి ఏటా కేటాయింపు బిల్లు అవసరం లేదు. ఏటా సభ ఆమోదించే కేటాయింపులు మొత్తం ఖర్చులో నాలుగో వంతు మాత్రమే, అందులోనూ సగం దాకా రక్షణ శాఖదే. విద్య, పరిశోధన, పార్కులు, విమానయాన భద్రత, న్యాయస్థానాలు, విదేశీ సహాయం అన్నీ కలిసినా ఏడో వంతుకు మించవు.

సభావేదికల మీద కోతల గురించి జరిగే గర్జనలన్నీ ఈ ఏడో వంతు గురించే. దాన్ని పూర్తిగా రద్దు చేసినా 2024 నాటి 1.8 లక్షల కోట్ల లోటు తీరదు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లను ముట్టుకోబోమని ఇరు పార్టీల నాయకులూ ప్రమాణం చేస్తారు, ఎందుకంటే వాటి లబ్ధిదారులైన వృద్ధులే క్రమం తప్పకుండా ఓటు వేసేవారు, రిపబ్లికన్ పార్టీకి వారే వెన్నెముక. పన్నులు పెంచనని ప్రమాణం, రక్షణను తగ్గించనని ప్రమాణం, పింఛన్ల జోలికి పోనని ప్రమాణం చేసిన తరువాత కూడా బడ్జెట్‌ను సమతూకం చేస్తానని వాగ్దానం చేసే సభ్యుడు తన ఓటరు ఆగ్రహానికి విత్తనం తానే నాటుకుంటున్నాడు.

తొలి తిరుగుబాటు

ఈ అసంతృప్తికి ఆధునిక రూపం 1990లో వచ్చింది. గ్రోవర్ నార్క్విస్ట్ స్థాపించిన ‘అమెరికన్స్ ఫర్ టాక్స్ రిఫార్మ్’ అనే సంస్థ 1986 నుంచి అభ్యర్థుల చేత, ఆదాయపు పన్ను పెంచే ఏ ప్రయత్నాన్నీ సమర్థించబోమని లిఖితపూర్వక ప్రమాణం చేయించేది. 1988 పార్టీ మహాసభలో కొత్త పన్నులు ఉండవని మాటిచ్చి గెలిచిన జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్, రెండేళ్లకే లోటును అదుపు చేయడానికి డెమొక్రాట్లతో కుదుర్చుకున్న ఒప్పందంలో పన్నుల పెంపునకు అంగీకరించారు. ప్రతినిధుల సభలో ఆయన పార్టీ విప్‌గా ఉన్న న్యూట్ గింగ్రిచే ఎదురుతిరగడంతో మొదటి ఒప్పందం ఓడిపోయింది. సవరించిన రూపంలో నెగ్గిన చట్టం గరిష్ఠ పన్ను రేటును 28 నుంచి 31 శాతానికి పెంచింది. ఖర్చులకు గరిష్ఠ హద్దులు, కొత్త ఖర్చుకు సరిపడా ఆదాయం చూపించాలన్న ‘పే గో’ నియమం ఆ చట్టం ఇచ్చినవే. 1998 నుంచి 2001 వరకు బడ్జెట్ మిగులులో ఉండడానికి అవి కొంత కారణమని ఆర్థికవేత్తలు చాలామంది అంగీకరిస్తారు. అయినా బుష్‌కు దక్కింది విశ్వాసఘాతకుడన్న పేరే. 1992లో సొంత పార్టీ ప్రైమరీ ఎన్నికల్లో ప్యాట్ బుకానన్ ఆయనను సవాలు చేశారు, నవంబరులో ఆయన బిల్ క్లింటన్ చేతిలో ఓడిపోయారు. అప్పును నిజంగా తగ్గించే దిశలో పనిచేసిన ఒప్పందాన్నే పార్టీ ద్రోహంగా గుర్తుపెట్టుకోవడం ఈ చరిత్రలో అన్నిటికంటే విచిత్రమైన సంగతి.

1995లో సమతుల బడ్జెట్‌ను తప్పనిసరి చేసే రాజ్యాంగ సవరణ ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. వ్యతిరేకించిన ఏకైక రిపబ్లికన్ మార్క్ హాట్‌ఫీల్డ్‌ను కేటాయింపుల సంఘం అధ్యక్ష పదవి నుంచి తొలగించాలని యువ సెనేటర్లు పట్టుబట్టారు గాని అది సాగలేదు. అదే ఏడాది చివర కేటాయింపు బిల్లులు ఆమోదం పొందక రెండు విడతలుగా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి; దీన్నే షట్‌డౌన్ అంటారు. రెండవది 21 రోజులు సాగింది.

టీ పార్టీ

జార్జ్ డబ్ల్యూ. బుష్ పాలనలో 2001, 2003 పన్ను తగ్గింపులు, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలు, 2003లో వృద్ధులకు మందుల ఖర్చు భరించే కొత్త మెడికేర్ పథకం ఒకదానిపై ఒకటి వచ్చిపడి మిగులు కాస్తా లోటుగా మారింది. ఆ మందుల పథకాన్ని నెగ్గించడానికి రిపబ్లికన్ నాయకులు ఓటింగును దాదాపు మూడు గంటలు తెరిచి ఉంచి సొంత సభ్యులను బుజ్జగించవలసి వచ్చింది. 2008 అక్టోబరులో కుప్పకూలుతున్న బ్యాంకులను ఆదుకోవడానికి 70,000 కోట్ల డాలర్ల నిధిని, టార్ప్ అన్న పొడి పేరుతో ప్రసిద్ధమైనదాన్ని, రెండు పార్టీల నాయకత్వాలూ కలిసి ఆమోదించడంతో కార్యకర్తల ఓపిక నశించింది. మరుసటి ఏడాది ఒబామా ఉద్దీపన చట్టం, 1.4 లక్షల కోట్ల లోటు కలిసి టీ పార్టీ ఉద్యమానికి ఊపిరి పోశాయి. దానికి కేంద్ర కార్యాలయం గాని, ఒకే నాయకుడు గాని లేరు. స్థానిక బృందాలు, సంపన్న దాతల సంస్థలు, రేడియో వ్యాఖ్యాతలు కలిసిన కదలిక అది. ఉద్యమం పైకి ఒబామాకు వ్యతిరేకంగా నిలిచినా, దాని మొదటి దెబ్బ రిపబ్లికన్ల మీదే పడింది. టార్ప్‌కు ఓటు వేసిన యూటా సెనేటర్ రాబర్ట్ బెనెట్‌కు 2010 మే నెలలో సొంత రాష్ట్ర పార్టీ సమావేశమే మళ్లీ పోటీ చేసే అవకాశం ఇవ్వలేదు.

ఆ నవంబరులో ప్రతినిధుల సభలో 63 స్థానాలు అదనంగా గెలుచుకున్న రిపబ్లికన్లు మొదటి ఏడాదిలోనే కనీసం 10,000 కోట్ల డాలర్లు తగ్గిస్తామని ఎన్నికల ప్రణాళికలో రాశారు. 2011 ఏప్రిల్‌లో స్పీకర్ జాన్ బోనర్ ఒబామాతో కుదుర్చుకున్న ఒప్పందంలో ఆ అంకె 3,850 కోట్లకు దిగింది. కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం లెక్కగట్టి, ఆ ఆర్థిక సంవత్సరంలో నిజంగా తగ్గేది సుమారు 35 కోట్లేనని చెప్పింది. ఈ తేడా మోసం వల్ల వచ్చింది కాదు: సభ ఆమోదించేది వ్యయాధికారాన్ని, అంటే ఖర్చు చేయడానికి శాఖకు ఇచ్చే అనుమతిని, డబ్బు బయటికి వెళ్లేది ఆ ఏడాదీ, తరువాతి ఏళ్లలోనూ. ఎటూ ఖర్చు కాని పాత అనుమతులను రద్దు చేసినా లెక్కలో కోతగానే చూపవచ్చు. అయితే పదివేల కోట్ల మాట విని ఓటు వేసినవారికి ఈ వివరణ సాకుగానే వినిపించింది. 59 మంది రిపబ్లికన్లు ఆ బిల్లును వ్యతిరేకించారు.

వేసవిలో రుణ పరిమితి నిండింది. అంతకుముందు ఏడాది ఒబామా నియమించిన సింప్సన్, బౌల్స్ సంఘం పన్నులు, పింఛన్లు, రక్షణ అన్నిటినీ కలిపి సూచించిన సర్దుబాటుకు 18 మంది సభ్యుల్లో 11 మంది మద్దతే దక్కింది, కావలసింది 14. బోనర్, ఒబామా రహస్యంగా సాగించిన ‘గ్రాండ్ బార్గెన్’ చర్చలు పన్నుల దగ్గర తెగిపోయాయి. చివరికి ఆగస్టు 2న, గడువు రోజునే, బడ్జెట్ నియంత్రణ చట్టం వచ్చింది. పదేళ్లకు 91,700 కోట్ల డాలర్ల మేర హద్దులు, మరో 1.2 లక్షల కోట్లు వెతకడానికి 12 మంది సభ్యుల సంఘం, ఆ సంఘం విఫలమైతే రక్షణతో సహా చాలా పద్దుల్లో విచక్షణ లేకుండా పడే సీక్వెస్టర్ అనే స్వయంచాలక కోత ఆ చట్టంలో ఉన్నాయి. ఎవరికీ రుచించనంత కఠినంగా ఉంటే అందరూ రాజీకి వస్తారన్న ఆలోచనతో పెట్టిన ఆ కోత, సంఘం విఫలమవడంతో 2013 మార్చి 1న నిజంగానే అమలైంది. ఈలోగా, 2011 ఆగస్టు 5న, స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా పరపతి రేటింగును చరిత్రలో తొలిసారిగా ఒక మెట్టు దించింది. ఆ ఏడాది జాప్యం వల్ల ఖజానాపై పడిన అదనపు వడ్డీ భారం సుమారు 130 కోట్ల డాలర్లని ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం అంచనా వేసింది.

ఈ కోతలు ఉత్తుత్తివని అనడం సరికాదు. హద్దులు, సీక్వెస్టర్, కోలుకుంటున్న ఆర్థిక వ్యవస్థ, 2013 ఆరంభంలో సంపన్నులపై పెరిగిన పన్నులు కలిసి 2011లో 1.3 లక్షల కోట్లున్న లోటును 2014 నాటికి అందులో సగం కంటే తక్కువకు తెచ్చాయి. అయితే సీక్వెస్టర్ వల్ల విమాన నియంత్రణ సిబ్బందికి జీతం లేని సెలవులు ఇవ్వగానే, విమానాలు ఆలస్యమవుతున్నాయన్న ఫిర్యాదులు వెల్లువెత్తి, కాంగ్రెస్ కొద్ది రోజుల్లోనే వారికి మినహాయింపు చట్టం చేసింది. కోత అన్న మాటకు వచ్చే చప్పట్లు కోత అమలుకు రావు.

ప్రైమరీ అనే కొరడా

సొంత సభ్యుణ్ణి శిక్షించే సాధనం అమెరికాలో ప్రైమరీ ఎన్నిక, అంటే పార్టీ అభ్యర్థిని పార్టీ ఓటర్లే ఎన్నుకునే తొలి దశ. భారతదేశంలో టికెట్టు అధిష్ఠానం చేతిలో ఉంటుంది, 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరించిన సభ్యుడి సభ్యత్వమే పోవచ్చు. కాబట్టి అప్పుల మీద అసంతృప్తి ఉన్న లోక్‌సభ సభ్యుడు సొంత ప్రభుత్వపు ద్రవ్య బిల్లును ఓడించడం ఊహకందదు, ఓడిస్తే ప్రభుత్వమే పడిపోతుంది. అమెరికా సభ్యుడికి ఈ రెండు భయాలూ లేవు. అతడు నాయకత్వాన్ని ఎదిరించి నిలవగలడు, ప్రైమరీ ఓటరును ఎదిరించి నిలవలేడు. రాజీపడినవారిని ‘పేరుకు మాత్రమే రిపబ్లికన్’ అన్న అర్థంలో ‘రైనో’ అని ఎద్దేవా చేసే అలవాటు ఈ వాతావరణంలోనే బలపడింది.

2013 అక్టోబరులో ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి నిధులు ఆపాలన్న పట్టుదలతో జరిగిన 16 రోజుల షట్‌డౌన్ ఏమీ సాధించకుండానే ముగిసింది. 2014 జూన్‌లో సభలో మెజారిటీ పక్ష నాయకుడు ఎరిక్ కాంటర్ వర్జీనియా ప్రైమరీలో డేవ్ బ్రాట్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడి చేతిలో ఓడిపోయారు. వలసల అంశం ముందున్నా, బడ్జెట్ రాజీలూ ఆరోపణల్లో ఉన్నాయి. 2015 జనవరిలో ఏర్పడిన ఫ్రీడమ్ కాకస్ అనే బృందం, స్పీకర్‌ను తొలగించే తీర్మానం భయాన్ని చూపి, ఆ సెప్టెంబరులో బోనర్ రాజీనామా ప్రకటించేలా చేసింది.

డెమొక్రాట్ల వైపు

ఈ అసంతృప్తి ఒక పార్టీ సొత్తు కాదు. 2011 ఒప్పందంపై ప్రతినిధుల సభలో డెమొక్రాట్లు 95కు 95గా చీలిపోయారు. నల్లజాతి సభ్యుల బృందానికి అప్పటి అధ్యక్షుడైన ఇమాన్యుయెల్ క్లీవర్ దాన్ని చక్కెర పూసిన సైతాను శాండ్‌విచ్‌గా అభివర్ణించారు. 2013లో పింఛన్ల పెరుగుదలను నెమ్మదింపజేసే ధరల సూచీని ఒబామా తన బడ్జెట్‌లో ప్రతిపాదించినప్పుడు సొంత పార్టీలోనే గగ్గోలు రేగి, మరుసటి ఏడాది అది కనుమరుగైంది. 2025 మార్చిలో రిపబ్లికన్ల తాత్కాలిక వ్యయ బిల్లును అడ్డుకోకుండా వదిలినందుకు సెనేట్ పక్ష నాయకుడు చక్ షూమర్ తప్పుకోవాలని కార్యకర్తలు పట్టుబట్టారు. ఆ అక్టోబరు 1న ఆరోగ్య బీమా రాయితీల కోసం మొదలై 43 రోజులు సాగిన, అప్పటికి అతి దీర్ఘమైన షట్‌డౌన్‌కు ఈ ఒత్తిడీ ఒక కారణం. అది ఎనిమిది మంది సెనేటర్ల రాజీతో, రాయితీలపై హామీ లేకుండానే ముగియడంతో ఆగ్రహం మళ్లీ మొదటికి వచ్చింది.

2017 తరువాత

డొనాల్డ్ ట్రంప్ మొదటి పాలనలో 2017 పన్ను తగ్గింపు చట్టం, 2018, 2019 వ్యయ ఒప్పందాలు, ఆపై కోవిడ్ సహాయం వల్ల రుణం దాదాపు 20 లక్షల కోట్ల డాలర్ల నుంచి 27 లక్షల కోట్లు దాటింది. టీ పార్టీ రోజుల్లో గర్జించినవారిలో అనేకులు అప్పుడు మౌనం వహించారు. అధ్యక్షుడు ప్రత్యర్థి పార్టీవాడైనప్పుడే అప్పు పాపమవుతుందన్న విమర్శకు ఇంతకంటే బలమైన ఆధారం లేదు. జో బైడెన్ కాలంలో గొంతులు మళ్లీ లేచాయి. 2023 జనవరిలో పదిహేనో ఓటింగులో స్పీకర్ అయిన కెవిన్ మెకార్తీ, తనను తొలగించే తీర్మానాన్ని ఒక్క సభ్యుడైనా ప్రవేశపెట్టవచ్చునన్న షరతుకు ఒప్పుకుని ఆ పదవి సంపాదించారు. మే చివర రుణ పరిమితిపై బైడెన్‌తో కుదిరిన ఒప్పందం పదేళ్లలో లోటును 1.5 లక్షల కోట్లు తగ్గించగలదని అంచనా ఉన్నా, 71 మంది రిపబ్లికన్లు వ్యతిరేకించారు, డెమొక్రాట్ల ఓట్లతోనే అది గట్టెక్కింది. సెప్టెంబరు చివర షట్‌డౌన్ తప్పించడానికి మళ్లీ డెమొక్రాట్ల మద్దతు తీసుకోవడంతో, అక్టోబరు 3న రిపబ్లికన్ సభ్యుడు మాట్ గేట్జ్ తెచ్చిన తీర్మానం 216–210 ఓట్లతో నెగ్గి, ఓటింగు ద్వారా పదవి కోల్పోయిన తొలి స్పీకర్‌గా మెకార్తీ చరిత్రకెక్కారు. ఆయనపై తిరగబడినవారు ఎనిమిది మందే.

2025లో ట్రంప్ రెండో పాలనలో అసంతృప్తి దిశ మారింది. రెండు లక్షల కోట్ల డాలర్లు ఆదా చేయవచ్చునని ఎన్నికల ముందు చెప్పిన పారిశ్రామికవేత్త ఇలాన్ మస్క్, తాను నడిపిన ప్రభుత్వ పొదుపు విభాగం ఆ దరిదాపులకు చేరకపోగా, ట్రంప్ పన్నులు, వ్యయాల బిల్లు అయిన ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ లోటును పెంచుతుందని బహిరంగంగా తిరగబడి, దానికి ఓటు వేసినవారిని ఓడించాలని పిలుపునిచ్చారు. అదే సమయంలో ట్రంప్ ఆ బిల్లును అప్పు కారణంగా వ్యతిరేకించిన కెంటకీ సభ్యుడు థామస్ మాసీని ఓడించాలని పిలుపునిచ్చారు. కోత చాలలేదని ఒకరు, నాయకుణ్ణి ధిక్కరించారని మరొకరు ఒకే పార్టీ సభ్యులను బెదిరించిన ఆ వారాల్లో, మాట మీద నిలబడినవాడికే ఎక్కువ ముప్పు ఏర్పడింది. ఆ బిల్లులో తెలుగు కుటుంబాలను కలవరపెట్టిన అంశమూ ఉంది. పౌరులు కానివారు స్వదేశానికి పంపే సొమ్ముపై మొదట 5 శాతం పన్ను ప్రతిపాదించి, ప్రతినిధుల సభ ఆమోదించేనాటికి దాన్ని 3.5 శాతానికి తగ్గించారు. తుది చట్టంలో అది నగదు, మనీయార్డరు వంటి రూపాల్లో పంపేవాటిపై 1 శాతంగా మిగిలి, బ్యాంకు ఖాతాల ద్వారా పంపేవారికి వర్తించకుండా పోయింది.

జులై 4న సంతకమైన ఆ చట్టం పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. రుణ పరిమితిని అది ఒక్కసారిగా 5 లక్షల కోట్లు పెంచి 41.1 లక్షల కోట్లకు చేర్చింది. డాలర్ల లెక్కలో అంత పెద్ద పెంపు అంతకుముందు ఏ చట్టమూ చేయలేదు. ఫ్రీడమ్ కాకస్ సభ్యులు చివరి రాత్రి వరకు ఆక్షేపించినా, ప్రతినిధుల సభలో రిపబ్లికన్ల నుంచి వ్యతిరేకంగా పడిన ఓట్లు రెండే. అక్టోబరు నాటికి అమెరికా రుణం 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది.